అమ్మడి రోజుల లెక్క

ఇంటికి ఆడకుక్క వస్తోందని ముందే తెలిసుంటే మా అత్తగారు వీధిగుమ్మానికి అడ్డంగా నిలబడేవారు. తెలియలేదు కాబట్టి వచ్చింది.

తొంభైల నడుమ సంగతి. నాకు పెళ్ళయి రెండేళ్ళు దాటింది. మావారు తుని స్టేషన్లో అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. వారంలో రెండు మూడు రోజులు పక్క స్టేషన్లలో డ్యూటీ పడేది. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. ఊరి చివర పెంకుటింట్లో పగలంతా నేనూ అత్తగారే. ఆవిడ కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి. మడి, ఆచారం గట్టిగా ఉన్న ఇల్లు. ఆవిడకి మాటలు తక్కువ, నాకు భయం ఎక్కువ. అంచేత ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది.

స్టేషన్లో పనిచేసే ఒకాయనకి బదిలీ అయింది. క్వార్టర్సు ఖాళీ చేస్తూ ఆయన రెండు నెలల కుక్కపిల్లని మావారి చేతిలో పెట్టారు. దాన్ని కూరల సంచిలో వేసుకుని, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని తెచ్చారు మావారు. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి మూతి.

"మగదేనా?" అని అడిగారు అత్తగారు.

మావారు వంగి చెప్పులు విప్పుకోవడంలో పడ్డారు. ఆవిడకి అర్థమైపోయింది.

"ఆడకుక్కని తెచ్చుకుంటారురా ఎవరైనా? ఏడాదికి రెండుసార్లు ఊళ్ళో కుక్కలన్నీ మన గుమ్మంలో కాపరం పెడతాయి."

"ఎవరూ తీసుకోనన్నారమ్మా. వదిలేస్తే పట్టాల మీద పడి పోతుంది."

ఆవిడ, అది వంటింటి గడప దాటకూడదని ఒక్క షరతు పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మావారు దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. నాలుగు రోజులు పోయాక అత్తగారే "ఏమే అమ్మడూ, అన్నం తిన్నావా" అనడం విన్నాను. అప్పటినుంచి అది అమ్మడే.

నాకు నెలలో మూడు రోజులు పెరటి వసారాలో గడిచేవి. చాప, చెంబు, కంచం అన్నీ వేరు. అత్తగారు అన్నం తెచ్చి ఎత్తునుంచి వడ్డించి వెళ్ళేవారు. మా పుట్టింట్లో ఈ పట్టింపు లేదు. అందుకని మొదటి ఏడాది ఆ వసారాలో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. అమ్మడు వచ్చాక అది కూడా వచ్చి నా చాప మీద పడుకునేది. దానికి మైలా మడీ ఏం తెలుసు. నన్ను ముట్టుకుని, ఆ కాళ్ళతోనే ఇంట్లోకి పోయి అత్తగారి పీట పక్కన కూర్చునేది. ఆవిడ రెండుసార్లు దానిమీద పసుపునీళ్ళు చల్లి, మూడోసారికి విసిగి మానేశారు. ఆ మూడు రోజులూ నాకు తోడు దొరికింది. ఇప్పటికీ ఆ కుక్కకి నేను ఎందుకు రుణపడి ఉన్నానో చెప్పమంటే మొదట ఆ చాపే గుర్తొస్తుంది.

అది వచ్చిన ఆరేడు నెలలకి, నాగులచవితి నాడు పొద్దున్నే గచ్చు మీద రక్తపు చుక్కలు కనిపించాయి. పుట్టకి పాలు పోసి వచ్చేసరికి గుమ్మం నుంచి పెరటిదాకా వరసగా ఉన్నాయి. గాజుపెంకు తొక్కిందేమోనని నాలుగు కాళ్ళూ తిప్పి చూశాను. ఏ గాయమూ లేదు. ఎవరైనా విషం పెట్టారేమోనని అత్తగారిని కేకేశాను. అత్తగారు వచ్చి దాన్ని ఒక్క క్షణం చూశారు.

"ఏం లేదు. ఎదకొచ్చింది. ఆవుకొచ్చినట్టే."

వాళ్ళ పుట్టింట్లో ఆవులుండేవి. ఆవు అరుపు వినగానే ఇవాళ ఎదకొచ్చిందని చెప్పగలిగిన మనిషి ఆవిడ. ఆవుకి ఒక పూటో, ఒక రోజో. తప్పితే మళ్ళీ ఇరవై ఒక్క రోజులకి. ఆవు లెక్క ఆవిడకి కంఠోపాఠం. మనుషుల లెక్క మూడు రోజులు. కుక్క ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుందని ఆవిడ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. దాన్ని పెరటి వసారాలో స్తంభానికి కట్టాం.

మూడు రోజులు కాదు, ఎనిమిది రోజులు గడిచాయి. వీధిలో కుక్కలు తాటాకు దడి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా అమ్మడు దగ్గరికి రానివ్వలేదు. పళ్ళు చూపించి తరిమేది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. క్షీరాబ్ది ద్వాదశి నాటికి రక్తం పలచబడి, మర్నాటికి ఇంచుమించు ఆగిపోయింది. గోధుమ కడుగునీళ్ళ రంగులో కొంచెం తడి, అంతే.

"అయిపోయింది. స్నానం చేయించి విప్పెయ్యి," అన్నారు అత్తగారు. తల మీద చిటికెడు పసుపు వేసి మరీ నీళ్ళు పోయించారు.

కార్తీక పౌర్ణమి నాడు పదకొండు గంటలవేళ వీధిలో అరుపులు వినపడి బయటికి పరిగెత్తాను. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, నడివీధిలో అమ్మడూ, ఒక నల్లకుక్కా వెనక్కీ వెనక్కీ తిరిగి అతుక్కుపోయి నిలబడి ఉన్నాయి. చుట్టూ పదిమంది మగవాళ్ళు. ఎవరో రాయి విసిరారు. ఎదురింటాయన మరుగుతున్న నీళ్ళ బకెట్టు పట్టుకొచ్చారు. అమ్మడు నన్ను చూసి నావైపు రాబోయింది, రాలేక కుయ్యిమంది.

ఆ వీధిలో నేను తల ఎత్తి నడిచిన దాన్ని కాదు. ఆ రోజు మాత్రం చేతిలో గొడుగు ఎందుకుందో తెలీదు, దాన్ని విప్పి వాటికి అడ్డంగా పెట్టుకుని నిలబడ్డాను. రాయి ఒకటి గొడుగుకి తగిలింది. నవ్వులు వినిపించాయి. నా ముఖం మండిపోతోంది, కాళ్ళు మాత్రం కదల్లేదు.

అప్పుడు మా అత్తగారు వచ్చారు. చేతిలో బట్టలు దండెం మీద ఆరేసే పొడుగాటి కర్ర. ఆవిడ కర్ర ఎవరిమీదా ఎత్తలేదు. ఎదురింటాయన ముందు దాన్ని నేలకి ఆనించి నిలబడ్డారు.

"ఆ బకెట్టు కింద పెట్టండి బాబూ. నోరులేని జీవాలు. కాసేపటికి వాటంతట అవే విడిపోతాయి. మీ ఇళ్ళల్లో ఎవరూ సంసారాలు చెయ్యట్లేదా ఏంటి?"

ఎదురింటాయన బకెట్టు దించారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మేమిద్దరం ఆ ఎండలో, ఒకే గొడుగు కింద, అవి విడిపోయేదాకా నిలబడ్డాం. పావుగంట పైనే పట్టింది. ఆవిడంటే నాకున్న భయం ఆ రోజే పోయింది.

నెల గడిచేసరికి అమ్మడి పొట్ట కిందుగా దిగింది. దాన్ని రిక్షాలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గేదెలూ, ఒంగోలు ఎడ్లూ కట్టేసిన ఆవరణలో నేనొక్కదాన్నే కుక్కతో నిలబడ్డాను. లోపల డాక్టరుగారు ఆడమనిషి. కొత్తగా వచ్చారట. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద ఉంటారేమో. చీర కొంగు నడుముకి దోపుకుని, మోచేతిదాకా రబ్బరు తొడుగుతో ఒక గేదెని చూస్తున్నారు. అది అయ్యాక చేతులు కడుక్కుని అమ్మడిని బల్లమీదికి ఎక్కించమన్నారు.

"కడుపుతోనే ఉందండి. మొదటి చుక్క ఎప్పుడు చూశారు?"

"నాగులచవితి నాడండి."

"కలిసింది?"

"పౌర్ణమి నాడు." ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది.

ఆవిడ మాత్రం మామూలుగా వేళ్ళ మీద లెక్కపెట్టారు. "పదకొండు రోజులు. సరిగ్గా అప్పుడే. రక్తం ఆగింది కదా అని విప్పేసి ఉంటారు, అవునా?"

"మీకెలా తెలుసండీ?"

"ఇక్కడికి కడుపుతో వచ్చే కుక్కలన్నీ అలాగే వస్తాయి," అని నవ్వి, మందుల చీటీ ఒకటి వెనక్కి తిప్పి దానిమీద పొడుగ్గా గీత గీశారు. గీతని ముక్కలు చేస్తూ చెప్పారు. రక్తం కనిపించిన మొదటి తొమ్మిది రోజులూ, అటూ ఇటూగా, మగకుక్కలు వెంటపడతాయి గానీ ఆడది ఒప్పుకోదు. ఆ తర్వాత రక్తం పలచబడి, రంగు మారుతుంది. మనం అయిపోయిందనుకుంటాం. అసలు రోజులు అప్పుడే మొదలవుతాయి. నడుం మీద చెయ్యి వేస్తే తోక పక్కకి తిప్పేసి నిలబడుతుంది. అది ఇంకో వారం, తొమ్మిది రోజులు. మొత్తం మీద మూడు వారాలు తలుపు వెయ్యాల్సిందే.

"మళ్ళీ ఎప్పుడొస్తుందండీ?"

"ఆరు నుంచి ఎనిమిది నెలలు. కానీ ఒక్కో కుక్కది ఒక్కో లెక్క. పుస్తకంలో ఉన్నది దానికి తెలీదు కదండి. మొదటి చుక్క చూసిన రోజు రాసుకోండి. రెండుసార్లు రాస్తే మూడోసారి మీరే చెప్పగలుగుతారు, నన్ను అడగక్కర్లేదు."

పిల్లలు ఎప్పుడు పుడతాయో కూడా చెప్పారు. కలిసిన రోజు నుంచి తొమ్మిది వారాలు. ఈ వయసులో కడుపు దానికి బరువేననీ, పెట్టే తిండి పెంచమనీ చెప్పారు. ఇక బయల్దేరాలి. నేను కుక్కని దించి, తాడు పట్టుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"మనుషులకీ ఇంతేనా అండి? అంటే, ఆ రోజులయ్యాక వెంటనేనా..."

డాక్టరుగారు నన్ను ఒకసారి చూశారు. కాంపౌండరుని బయట ఎడ్లకి చీటీలు రాయమని పంపించి, తలుపు దగ్గరగా వేసి, నన్ను కూర్చోమన్నారు.

"కాదండి. మనది దీనికి తిరగేసి ఉంటుంది. దీనికి రక్తం ముందు, ఎద తర్వాత. మనకి నెలలో గర్భం నిలవకపోతే చివర్న వచ్చేది రక్తం. మనకి అసలు రోజులు మధ్యలో ఉంటాయి. వచ్చే నెల తేదీకి ఓ పద్నాలుగు రోజుల ముందు అనుకోండి. నేను పశువుల డాక్టర్నే, మీరు ఆడడాక్టరు దగ్గరికి వెళ్ళి అడగండి. కానీ ముందు మీ తేదీలు కూడా రాసుకోండి."

నేను డిగ్రీ చదివాను. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. ఇంకా ఏం విశేషం లేదా అని అడిగినవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఈ ఒక్క మాట చెప్పినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. ఆ గదిలో ఫినాయిలు వాసన, బయట గేదె అరుపు, ఆవిడ గొంతు నాకు ఇవాళ్టికీ గుర్తే. మందుల చీటీ వెనకాల గీసిన ఆ గీత చాలా ఏళ్ళు నా పెట్టెలో ఉండేది.

ఇంటికొచ్చి అత్తగారికి కుక్క లెక్క చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. "తొమ్మిది వారాలంటే పుష్య బహుళ చవితి, అటూ ఇటూ," అన్నారు. నేను గోడ కేలండరులో తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను.

పిల్లలు సరిగ్గా ఆ ముందురోజు, తదియ నాడు పుట్టాయి. పొద్దున అమ్మడు అన్నం ముట్టలేదు. పెరట్లో గోనెసంచిని కాళ్ళతో చీల్చి పోగేసింది. మధ్యాహ్నం రెండింటికి మొదలై నాలుగింటికల్లా ఐదు పుట్టాయి. ఒకటి ఊపిరి లేకుండానే వచ్చింది. అత్తగారు ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చుని, "కంగారు లేదమ్మా, నెమ్మది, నెమ్మది," అని దానితో మాట్లాడుతూనే ఉన్నారు. చివరికి బెల్లం కలిపిన గంజి వంటింట్లోంచి స్వయంగా తెచ్చి తాగించారు. ఆ తర్వాత ఆవిడ స్నానానికి వెళ్తుంటే చూశాను, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నాలుగు పిల్లల్నీ రెండు నెలలు సాకి పంచిపెట్టాం. ఒకటి ఉప్పాడలో చీరలు నేసేవాళ్ళింటికి వెళ్ళింది. తీసుకెళ్ళడానికి వచ్చినావిడని అత్తగారు గడపలో నిలబెట్టి పాఠం చెప్పారు. "ఆడపిల్లేనమ్మా. మొదటి చుక్క చూసిన రోజు గుర్తుపెట్టుకో. రక్తం ఆగిందని మోసపోకు. మూడు వారాలు." ఆవిడ బిత్తరపోయి, "అలాగేనండి," అంది.

రెండోసారి ఎద ఆషాఢంలో వచ్చింది. నాగులచవితి నుంచి ఎనిమిది నెలలు నిండాయి. పిల్లల్ని పెట్టింది కాబట్టి కాస్త ఆలస్యమై ఉండొచ్చని డాక్టరుగారు అన్నారు. ఆ ఏడు ముసురు వదల్లేదు. పెరటి వసారా పెంకులు కారి, కింద మడుగు కట్టింది.

"ఈ వానలో అదక్కడ ఎలా ఉంటుంది? నడింట్లో సంచులేసి కట్టు," అన్నారు అత్తగారు.

కట్టాను. నాలుగు రోజులకి నా తేదీ కూడా వచ్చింది. నేను ఎప్పటిలాగే చాప తీసుకుని వసారాలోకి వెళ్ళి, కారని మూల వెతుక్కుని కూర్చున్నాను. చీర అంచు అప్పటికే తడిసింది. అత్తగారు మధ్య గుమ్మంలో నిలబడి లోపలున్న కుక్కనీ, బయటున్న నన్నూ చూశారు. చాలాసేపు చూశారు.

"లేచి లోపలికి రా."

"పర్లేదండి అత్తయ్యగారూ."

"పర్లేకపోవడం ఏంటి? అది రక్తం కారుతూ నడింట్లో పడుకుంటే లేని మైల నీకెక్కడిది? రా. వంటింట్లోకి మాత్రం రాకు."

వంటింటి నిషేధం ఇంకో రెండేళ్ళు నడిచి, దానంతట అదే పోయింది. ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. కానీ ఆ ముసురు రోజు నేను చాప చుట్టుకుని లోపలికి వచ్చి అమ్మడి పక్కన గోడకి చేరగిలబడ్డాను. అది నా ఒళ్ళో తల పెట్టింది. వసారాలోకి మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆసారి మూడు వారాలూ తలుపులేశాం. తోక పక్కకి తిప్పడం, అటూ ఇటూ తిరుగుతూ ఏడవడం అన్నీ మొదటిసారి దగ్గరుండి చూశాను. అయినా రెండు నెలలకి దాని పొట్ట కొంచెం ఉబ్బి పాలు కనిపించాయి. ఎప్పుడు తప్పించుకుందా అని హడలిపోయి ఆసుపత్రికి తీసుకెళ్తే, కడుపు లేదనీ, కలవకపోయినా కొన్నింటికి ఒళ్ళు కడుపొచ్చినట్టే భ్రమపడుతుందనీ, రెండు మూడు వారాల్లో తగ్గుతుందనీ డాక్టరుగారు చెప్పారు. ఇంటికొచ్చేసరికి అత్తగారి చెప్పు ఒకటి కనపడలేదు. అమ్మడు దాన్ని సంచుల మధ్య పెట్టుకుని నాకుతోంది. తీయబోతే మెల్లిగా గుర్రుమంది.

"ఉంచుకోనీ," అన్నారు అత్తగారు. "దానికి అది పిల్ల."

ఆ రెండు వారాలూ ఆవిడ రామాలయానికి చెప్పుల్లేకుండానే వెళ్ళొచ్చారు. ఒక సాయంత్రం నేను ఆ కుక్కని చూస్తూ కూర్చున్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, కేలండరు వైపు చూపించారు.

"ఆ సున్నాలు దానివి. ఈ చుక్కలెవరివి?"

నెలకొకటి చొప్పున పెన్సిలు మొనతో పెట్టుకున్నాను. ఎవరికీ కనపడవనుకున్నాను. చెప్పక తప్పలేదు. పశువుల డాక్టరుగారు చెప్పిన మధ్య రోజుల సంగతి తల వంచుకుని మొత్తం చెప్పాను.

"మధ్యలోనా," అన్నారు ఆవిడ. "మాకు ఎవరూ చెప్పలేదే. నేను ఆరుగుర్ని కన్నాను. ముగ్గురు దక్కలేదు. చివరి కాన్పుకి నేనే పోతాననుకున్నారు. ఇంక వద్దు అనుకున్నప్పుడు కూడా ఏ రోజుకి దూరంగా ఉండాలో తెలీదు. తెలిస్తే..." అని ఆపేశారు. ఆవిడ ఆరుగుర్ని కన్నారని నాకు అప్పటిదాకా తెలీదు. మావారి తోడబుట్టినవాళ్ళు ఇద్దరేననుకున్నాను.

తర్వాతి నెల నుంచి అత్తగారు కేలండరు చూసి, ఒక్కో నెల చుక్కల మధ్య పడే నాలుగైదు రోజులు వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. పొద్దున బస్సుకి సంచి సర్దుకునేవారు. "వాడికి ఒంట్లో బాగాలేదట," అనేవారు. ఆ తమ్ముడుగారికి ఏ జబ్బూ లేదని మా ఇద్దరికీ తెలుసు. మావారికి మాత్రం తెలీదు. ఆయన నిజంగానే కంగారుపడి ఒకసారి మందులు కొనిచ్చి పంపారు.

మూడో ఎద ఎప్పుడని మేమిద్దరం పందెం వేసుకున్నట్టే అయింది. ఎనిమిది నెలల లెక్కన నేను ఫాల్గుణం అన్నాను. "మాఘం వెళ్ళేలోపే," అన్నారు అత్తగారు. మాఘంలో అన్నవరం వెళ్ళి సత్యనారాయణ వ్రతం చేయించాలని మొక్కు. రోజు కూడా చూసుకున్నాం. పది రోజుల ముందు ఆవిడ నన్ను పెరట్లోకి పిలిచారు.

"చూడు. నాలుగడుగులకోసారి కూర్చుంటోంది, ఉచ్చ రెండేసి చుక్కలు పోసి లేస్తోంది. పాలమ్మాయి వెనకొచ్చే కుక్క మూడు రోజులుగా మన గేటు వాసన చూస్తోంది. వారంలో వస్తుంది."

ఐదో రోజున వచ్చింది. ఇది ఏడు నెలల మీద కొన్ని రోజులు. ఆ తర్వాత ఎప్పుడు రాసి చూసుకున్నా ఇంచుమించు అదే లెక్క. పుస్తకంలో లేని దాని సొంత లెక్క మాకు దొరికింది. వ్రతం సంగతేమిటని మావారు అడిగారు. ఇంట్లో ఎవరూ లేకుండా దాన్ని వదిలి ముగ్గురం కొండకి ఎలా వెళ్ళడం.

"స్వామి ఎక్కడికి పోతాడురా, కొండ మీదే ఉంటాడు. వైశాఖంలో వెళ్దాం," అన్నారు అత్తగారు.

వైశాఖంలోనే వెళ్ళాం. ఆ మరుసటి మాఘంలో మాకు పాప పుట్టింది. అది స్వామి దయ అని అత్తగారు చివరిదాకా అన్నారు. చుక్కల వల్లనేమో అని నేను మనసులో అనుకునేదాన్ని. లేదా అప్పటికి కాలం కలిసొచ్చిందేమో. ఏదైనా, పాపకి మూడో నెలలో చీర, పళ్ళు పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు ఒక దూడకి కట్టు కడుతున్నారు. చేతులు ఖాళీ లేక, పాపని నా ఒళ్ళోనే వంగి చూసి, "తేదీ రాసుకున్నారు కదా," అని నవ్వారు. ఏడాది తిరక్కుండానే ఆవిడకి ఎక్కడో మెట్టప్రాంతానికి బదిలీ అయిందని విన్నాను. మళ్ళీ చూడలేదు.

ఆవిడ చెప్పినది ఒకటి మాత్రం మేం వాయిదా వేస్తూ వచ్చాం. ఇంక పిల్లలొద్దనుకుంటే ఆపరేషను చేయించడం దానికే మంచిదని అన్నారు. అప్పట్లో కాకినాడ తీసుకెళ్ళాలి. కత్తి అంటే మా అందరికీ భయం. లెక్క తెలుసు కదా, తలుపులేస్తే సరిపోతుందని ఏళ్ళు గడిపేశాం. అది మా తప్పే.

అమ్మడికి ఎనిమిదేళ్ళు నిండాయి. పాప బడికి వెళ్తోంది. ఒక శ్రావణంలో అది గిన్నెడు నీళ్ళు తాగి మళ్ళీ గిన్నె దగ్గరే నిలబడటం మొదలుపెట్టింది. అన్నం ముట్టడం లేదు. మూడో రోజు పడుకున్న చోట మరక కనిపించింది. పక్కింటావిడ చూసి, "మళ్ళీ ఎదకొచ్చినట్టుందండి," అని తేల్చేశారు. నేను నోటుపుస్తకం తీశాను. కేలండర్లు పోగుపడితే అత్తగారే ఒక వంద పేజీల పుస్తకంలో ఎక్కించమన్నారు. పోయిన ఎద మొదలై అప్పటికి తొమ్మిది వారాలే. ఏడు నెలల కుక్కకి తొమ్మిది వారాలకి ఎలా వస్తుంది? వంగి వాసన చూశాను. అది ఎప్పుడూ ఉండే వాసన కాదు, కుళ్ళు వాసన.

"ఇది ఎద కాదండి అత్తయ్యగారూ."

ఆవిడ పుస్తకం చూడలేదు, నా ముఖం చూశారు. "అయితే ఇంకా కూర్చున్నావేం?" అన్నారు.

మావారు సెలవు పెట్టి కారు మాట్లాడారు. అత్తగారు కూడా ఎక్కారు. కాకినాడలో డాక్టరుగారు పెద్దాయన. పొట్ట నొక్కి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "పోయిన ఎద ఎప్పుడమ్మా?" నేను పుస్తకం చేతికిచ్చాను. ఆయన పేజీలు తిప్పుతూ పోయారు. ఎనిమిదేళ్ళ తేదీలు, పక్కన అత్తగారు చెప్పి రాయించిన తిథులు.

"గర్భసంచిలో చీము పట్టిందమ్మా. ఎద అయిన నెలా రెండు నెలలకి ఇలా వస్తుంది. అందరూ మళ్ళీ ఎదే అనుకుని ఊరుకుంటారు. ఇంకో రెండు రోజులు ఆగితే బతికేది కాదు." పుస్తకం మూసి నాకు తిరిగిచ్చి, "ఎవరు నేర్పారమ్మా ఇలా రాయడం?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అత్తగారే చెప్పారు. "తునిలో ఒక డాక్టరమ్మగారు ఉండేవారండి. చల్లగా ఉండాలి ఆవిడ."

ఆ రోజే గర్భసంచి తీసేశారు. నాలుగు రోజులు దగ్గర్లో బంధువులింట్లో ఉండి, రోజూ ఆసుపత్రికి తిప్పి, ఐదో రోజు దాన్ని తీసుకుని బయల్దేరాం. రోడ్డు బాగుంటుందని డ్రైవరు పిఠాపురం మీదుగా పోనిస్తానన్నాడు. అత్తగారు వద్దన్నారు.

"ఉప్పాడ మీదుగా పోనీ బాబూ. సముద్రం చూసి నాకు ఎన్నేళ్ళయిందో. దీనికైతే తెలీనే తెలీదు."

కెరటాలు రోడ్డు అంచుదాకా వచ్చి రాళ్ళ మీద పగులుతున్నాయి. తుంపర అద్దం మీద పడుతోంది. అత్తగారు కారు ఆపించి తలుపు తీశారు. అమ్మడు ఆవిడ ఒళ్ళో, పొట్టకి కట్టుతో, అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉంది. ఉప్పుగాలి తగలగానే నల్లటి మూతి పైకెత్తి, ముక్కుపుటాలు కదిలిస్తూ, ఆ గాలిని ఎంతసేపు పీల్చిందో. ఆవిడ దాని మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకున్నారు, మూతి దించకుండా.